స్వేచ్ఛాచింతనము – నాస్తికత్వము



ఈ వ్యాసము ఒక దిద్దుబాటు. ఒక మాటకు తప్పు అర్థమును ఒప్పుగా అంగీకరించిన దోషము దీనికి కారణము. ఆ దోషము విద్యార్థిది కాదు, మాది.

నిరుడు పదవ తరగతి వారికి పెట్టిన చిన్న పరీక్షలో 'స్వేచ్ఛాచింతకుడు' అను మాటకు అర్థము వ్రాయుమని అడిగితిమి. ఒక బాలుడు 'దేవుడు లేడనువాడు, నాస్తికుడు' అని వ్రాసెను. గంట కొట్టులోగా దిద్దవలసిన కాగితములు బల్లమీద పేరుకొని యున్నవి. మేము ఆలోచింపక ఒప్పు గుర్తు పెట్టి, రెండు మార్కులు వేసి, తరువాతి కాగితము తీసితిమి.

మూడు వారములు గడచిన పిమ్మట బాగేపల్లి వైపు పల్లె నుండి ఆ బాలుని తాతగారు పాఠశాలకు వచ్చిరి. మేము కుర్చీ చూపినను కూర్చుండక, తలగుడ్డ తీసి భుజమున వేసికొని యిట్లనిరి: "అయ్యవారూ, మావాడు సందేళ దీపం కాడికి రానంటాడు. గడిదం తిరనాళకూ రాలేదు. ఏమిరా అంటే బళ్లో చెప్పినారంటాడు. మీరు చెప్పింటే సరే, చదువుకున్నోళ్లు. చెప్పకపోయింటే వానికి ఒగ మాట చెప్పండి."

ఆయన మాటలో కోపము లేదు. కోపము ఉన్నచో మాకు జవాబు చెప్పుట సులభమై యుండెడిది.

బాలుని పిలిపించితిమి. "ఏమి నాయనా, గుడికి పోవుట ఎందుకు మానుకొంటివి?" అని అడిగితిమి. "తెలివిగా ఆలోచించేవాళ్లు దేవుణ్ణి నమ్మరు కదా సార్. పరీక్షలో మీరే రైట్ వేసినారు" అనెను. "మంచిది, నీవు ఆలోచించితివా?" అంటిమి. వాడు కొంతసేపు నేల చూచి, "మీరు రైట్ వేసినారు కదా సార్" అని మరల అదే మాట చెప్పెను.

అప్పటికి మాకు విషయము బోధపడినది. ఆ పిల్లవాడు తాత చెప్పిన మాటను విడిచి అయ్యవారి ఎఱ్ఱసిరా మాటను పట్టుకొనెను. ఒక పెద్దమనుష్యుని మాటకు బదులు మరియొక పెద్దమనుష్యుని మాట వచ్చి చేరినది. నడుమ ఆలోచన అను పని జరుగనే లేదు. వానిని నాస్తికుడని అనవచ్చునేమో గాని, స్వేచ్ఛాచింతకుడని అనుటకు వీలులేదు. ఈ రెండు మాటలకు గల దూరమును మేము ఆనాడు చెప్పవలసిన రీతిగా చెప్పలేకపోతిమి. ఇప్పుడు చెప్పుచున్నాము.

ముందుగా నాస్తిక శబ్దమును చూతము. సంస్కృతమున 'అస్తి' అనగా ఉన్నది, 'నాస్తి' అనగా లేదు. ఉన్నదను బుద్ధి కలవాడు ఆస్తికుడు, లేదను బుద్ధి కలవాడు నాస్తికుడు. పాణిని తన వ్యాకరణమున ఈ రెండు పదములను సాధించెను. అయితే ఏమి ఉన్నది, ఏమి లేదు? వ్యాఖ్యాతలు అక్కడ 'పరలోకము' అని పూరించిరి గాని 'దేవుడు' అని పూరింపలేదు. మనుస్మృతి వేదమును నిందించువానిని నాస్తికుడన్నది. కావుననే వేదప్రామాణ్యమును ఒప్పని బౌద్ధులు, జైనులు, చార్వాకులు నాస్తికుల లెక్కలో చేరిరి. ఇచ్చట ఒక వింత కలదు. సాంఖ్యదర్శనము సృష్టికర్తయైన ఈశ్వరుని అవసరము లేకయే ప్రపంచమును వివరించినది. మీమాంసకులు యజ్ఞములను నమ్మిరి గాని జగత్కర్తను స్థాపింప పూనుకొనలేదు, కొందరు ఖండించిరి గూడ. అయినను సాంఖ్యమును మీమాంసయు ఆస్తిక దర్శనములుగనే గణింపబడినవి, వేదమును ఒప్పినవి గనుక. అనగా ఆ కాలమున దేవుని నమ్మకయు ఆస్తికుడుగా ఉండవచ్చును! మన నిఘంటువులలో నేడు కనబడు 'దేవుడు లేడనువాడు' అను అర్థము తరువాతి కాలమున స్థిరపడినది. ఐరోపా భాషల నుండి వచ్చిన 'ఎథీస్ట్' అను మాటకు సరిజోడుగా దానిని వాడుటచే ఆ అర్థము మరింత గట్టిపడినది. ఆ మాటకు గ్రీకున మూలము 'దేవుడు లేని' అని మాత్రమే.

ఇక స్వేచ్ఛాచింతనము. ఇది మనకు పాతమాట కాదు, ఆంగ్లమున 'ఫ్రీ థాట్' అనుదానికి చేసికొన్న అనువాదము. ఇంగ్లండున పదునేడవ శతాబ్ది చివర ఈ మాట వాడుకలోనికి వచ్చినది. 1713లో ఆంథొనీ కాలిన్స్ అను నతడు ఈ విషయముపై ఒక గ్రంథమునే ప్రకటించెను. మతగురువు చెప్పెననియో, గ్రంథమున ఉన్నదనియో, తాతముత్తాతలు అట్లే చేసిరనియో ఒక విషయమును అంగీకరింపక, దానికి గల ఆధారమును తూచి చూచుకొను హక్కు ప్రతి మనుష్యునకు కలదను వాదమే ఆ గ్రంథసారము. ఆ తరమున స్వేచ్ఛాచింతకులని పేరుపొందిన వారిలో అనేకులు దేవుని నమ్మినవారే. ఫ్రాన్సున వోల్టేరు చర్చిని జీవితమంతయు ఎదిరించెను గాని జగత్తునకు ఒక కర్త కలడనెను. థామస్ పెయిను 1794లో వెలువరించిన 'ఏజ్ ఆఫ్ రీజన్' అను పుస్తకమున బైబిలును ఘాటుగా విమర్శించెను. కాని ఆ పుస్తకము మొదటనే తనకు ఒకే దేవునియందు విశ్వాసము కలదని చెప్పుకొనెను. ఇట్టివానిని నాస్తికుడని తిట్టిన వారు ఆ పుస్తకమును మొదటి పుటనుండియే చదువలేదని తలపవలసి యున్నది.

బెర్ట్రండ్ రస్సెల్ 1944లో ఈ సంగతిని చక్కగా తేల్చెను. ఒకడు స్వేచ్ఛాచింతకుడగునా కాదా అనునది అతడు ఏమి నమ్మునో దానినిబట్టి కాక, ఆ నమ్మకమును ఎట్లు పట్టుకొని యున్నాడో దానినిబట్టి నిర్ణయింపవలెనని ఆయన అభిప్రాయము. పెద్దలు చిన్ననాట చెప్పిరి గనుక నమ్మువాడు స్వేచ్ఛాచింతకుడు కాడు. తానే ఆలోచించి, ఆధారములు చూచి, ఆ మీదట ఒకచోట నిలిచినవాడు స్వేచ్ఛాచింతకుడు. రస్సెల్ తాను మాత్రము ఏ మతమును స్వీకరింపలేదు.

మన ప్రాంతపు ఉపమానము ఒకటి చెప్పుదుము. బాగేపల్లి నుండి చింతామణికి దారి కలదు. దారి వేరు, చింతామణి వేరు. ఆ దారిన బయలుదేరినవారందరు చింతామణికే చేరవలెనని లేదు. కొందరు మధ్యనే దిగుదురు, కొందరు ముందుకు సాగి కోలారు పోవుదురు. మరియు చింతామణిలో ఉన్నవారందరు ఆ దారిననే వచ్చినవారును కారు. అక్కడనే పుట్టి, ఊరు దాటనివారును కలరు. స్వేచ్ఛాచింతనము దారి వంటిది. నాస్తికత్వము చేరిన ఊరు వంటిది. ఆస్తికత్వము మరియొక ఊరు. దేవుడు కలడో లేడో తెలిసికొనుటకు సాధ్యము కాదను అజ్ఞేయవాదము ఇంకొక ఊరు. ఈ చివరిదానికి ఆంగ్లమున పేరు పెట్టినవాడు హక్స్లీ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు, 1869లో.

ఇచ్చట ద్విభాషా ప్రాంతపు విద్యార్థులకు ఒక హెచ్చరిక. కన్నడమున హేతువాదిని 'విచారవాది' అందురు. మన పిల్లలు వీధిలో ఆ మాట విని, తెలుగు అర్థమున తీసికొని, నిత్యము విచారముతో కుమిలిపోవు మనిషియని భ్రమపడుట మేమెరుగుదుము. తెలుగునను విచారమునకు పూర్వపు అర్థము పరిశీలనయే. కోర్టులో 'విచారణ' అనునపుడు, ఒకరి యోగక్షేమములు 'విచారించు'నపుడు ఆ అర్థము ఇంకను బ్రతికియున్నది. దుఃఖము అను అర్థము తరువాత వచ్చి ముందు కూర్చున్నది. ఎక్కువగా విచారించినవారికి ఎక్కువ విచారము కలుగునని మన పెద్దలు అనుకొనిరేమో!

మన జిల్లానుండియే ఉదాహరణ తీసికొందము. గౌరీబిదనూరు తాలూకా హోసూరున 1920లో ఒక పేద కుటుంబమున హెచ్. నరసింహయ్యగారు జన్మించిరి. చదువుకొనుటకై బెంగళూరికి కాలినడకన పోయిన బాలుడాయన. బెంగళూరు నేషనల్ హైస్కూలులో చదువుచున్నపుడు 1936లో గాంధీజీ అక్కడికి రాగా ఆయన హిందీ ప్రసంగమును కన్నడమున చెప్పినది ఈ విద్యార్థియే. 1942 ఉద్యమమున జైలుకు పోయిరి. అమెరికాలో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రమున డాక్టరేటు పొంది తిరిగివచ్చి, 1962లో బెంగళూరు సైన్సు ఫోరమును ఆరంభించిరి. 1972 నుండి 1977 వరకు బెంగళూరు విశ్వవిద్యాలయమునకు ఉపకులపతి. జీవితాంతము ఖద్దరు, గాంధీటోపీ, కళాశాల విద్యార్థి వసతిగృహమున ఒక గది. పెండ్లి చేసికొనలేదు. గౌరీబిదనూరునను బాగేపల్లిలోను నేషనల్ కళాశాలలు నెలకొనుటకు ఆయన కృషియే కారణము. మన పాఠశాలనుండి వెడలిన పిల్లలు అనేకులు ఆ బాగేపల్లి కళాశాల మెట్లెక్కినవారే. 2005 జనవరి 31న ఆయన మరణించిరి.

ఉపకులపతిగా ఉన్న 1976లో ఆయన ఒక సంఘమును నియమించిరి. దాని పేరును మన భాషలో చెప్పినచో 'మహిమలను, పరీక్షకు నిలుచు ఇతర మూఢనమ్మకములను పరిశోధించు సంఘము' అగును. ఈ పేరులో 'పరీక్షకు నిలుచు' అను మాటను గీత గీసికొని చదువుడు. మా పాఠమంతయు ఆ మాటలోనే ఉన్నది. దేవుడు కలడా లేడా అనునది ఆ సంఘము ముందున్న ప్రశ్న కాదు. దానిని ప్రయోగశాలలో త్రాసునకెక్కించు వీలులేదు. ఒకరు చేతినుండి విభూతి సృష్టించుచున్నారనగా, ఆ మాట మాత్రము పరీక్షకు నిలుచును. చేతులు కడిగించి, చొక్కా మార్పించి, పదిమంది యెదుట చూడవచ్చును. ఆనాడు విభూతి సృష్టించునని పేరుపొందిన ఒక బాలుని ఆ సంఘము పరీక్షింపగా, విభూతి దుస్తులలో దాచబడియున్నట్లు తేలినది.

మన సరిహద్దునకు ఆవలనే ఉన్న పుట్టపర్తి సత్యసాయిబాబాగారికిని నరసింహయ్యగారు ఉత్తరములు వ్రాసి, నిబంధనలతో కూడిన పరీక్షకు సమ్మతింపుమని కోరిరి. సమ్మతి రాలేదు. పత్రికలలో పెద్ద వాదము చెలరేగినది. ఈ సంగతి వ్రాయునపుడు మా చేయి కొంత తడబడుచున్నది. మా పిల్లల ఇండ్లలో ఎన్నింటనో ఆ పటము పూజలందుకొనుచున్నది. 1990ల దశకమున అనంతపురము జిల్లా పల్లెలకు ఆ సంస్థ త్రాగునీరు తెచ్చినది. నీరు త్రాగినవారి కృతజ్ఞతను ఎవరును తప్పు పట్టజాలరు. అయితే గమనింపుడు: కృతజ్ఞత ఒక విషయము, విభూతి ఎక్కడనుండి వచ్చినది అనునది మరియొక విషయము. మొదటిదానికి పరీక్ష అక్కరలేదు, రెండవదానికి కావలెను. ఈ రెంటిని విడదీయగలిగిన భక్తుడు భక్తుడుగనే ఉండి స్వేచ్ఛాచింతకుడు కాగలడు. విడదీయలేని విమర్శకుడు ఎంత బిగ్గరగా అరచినను కాలేడు. ఇది మా అభిప్రాయము. ఒప్పుకొనని తల్లిదండ్రులు వచ్చి వాదింపవచ్చును, ఈసారి కుర్చీలో కూర్చుండవలెనని మనవి.

ఇప్పుడు నాస్తికత్వమునకు నిజమైన ఉదాహరణ. ఆంధ్రదేశమున ఆ పదమునకు తలవంపు తీసి గౌరవము తెచ్చినవారు గోరాగారు, అనగా గోపరాజు రామచంద్రరావుగారు. 1902లో జన్మించిరి. వృక్షశాస్త్రమున ఎం.ఏ. పట్టభద్రులు. కళాశాలలలో అధ్యాపకులుగా ఉండి, నాస్తిక భావములను ప్రకటించినందులకు 1933లో కాకినాడలోను, 1939లో మచిలీపట్టణమునను ఉద్యోగములు పోగొట్టుకొనిరి. 1940లో కృష్ణాజిల్లా ముదునూరు గ్రామమున నాస్తిక కేంద్రమును స్థాపించిరి. 1947లో అది విజయవాడ పటమటకు మారినది. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో తోటివారితో కలసి విజయవాడకు పోయినపుడు ఆ కేంద్రమును చూచితిమి. అచ్చట కొమ్ములు తిరిగిన మనుష్యులెవరైన ఉందురేమోయని మాలో ఒకరు హాస్యమాడిరి. పుస్తకములు, చెట్లు, మంచినీళ్లిచ్చి కుశలమడిగిన గృహస్థులు కనబడిరి.

గోరాగారు దేవుడు లేడనుటను ఒక తర్కపు ముగింపుగా విడిచిపెట్టలేదు. దేవుడు చూచుకొనునని మనుష్యుడు తన బాధ్యతను పైకి నెట్టుచున్నాడనియు, జన్మము, కర్మము, తలవ్రాత అను మాటల నీడలోనే అస్పృశ్యత బ్రతుకుచున్నదనియు ఆయన వాదించిరి. ఆయన సహధర్మచారిణి సరస్వతిగారు కూడ ఆ మార్గముననే నడచిరి. గ్రహణకాలమున గర్భిణులు బయటికి రారాదను భయమును పోగొట్టుటకు తాను స్వయముగా గ్రహణమును చూచిరి. ఉప్పు సత్యాగ్రహపు రోజులలో పుట్టిన కుమారునకు లవణమని పేరు పెట్టిరి. 1944 చివరనుండి గోరాగారు సేవాగ్రామమునకు పోయి గాంధీజీతో ఈ విషయమై చర్చించిరి. ఒకరు దినమును రామనామముతో ఆరంభించువారు, మరియొకరు దేవుడే లేడనువారు. అయినను ఇద్దరును ఒకరినొకరు విడువలేదు. గోరాగారి కుమార్తెకు హరిజన యువకునితో వివాహమును సేవాగ్రామముననే జరిపింప గాంధీజీ సమ్మతించిరి. ఆయన హత్యకు గురియైన పిమ్మట, 1948 మార్చిలో ఆ వివాహము అచ్చటనే జరిగినది. ఈ చర్చలన్నియు 'యాన్ ఎథీస్ట్ విత్ గాంధీ' అను పుస్తకముగా 1951లో వెలువడినవి. దానిని ప్రచురించినది గాంధీజీ స్థాపించిన నవజీవన్ సంస్థయే. ఉన్నత తరగతులవారు ఆ పుస్తకమును చదువవలెనని మా కోరిక.

గోరాగారు నాస్తికులు, స్వేచ్ఛాచింతకులు కూడ. తాను బ్రాహ్మణ కుటుంబమున పుట్టి, పెద్దల నమ్మకమును పరీక్షించి, విడిచి, దాని మూల్యమును ఉద్యోగములతో చెల్లించినవారు. ఆ బాలుడు చెల్లించినది ఏమి? ఏమియు లేదు, పైగా రెండు మార్కులు సంపాదించెను.

తెనాలి త్రిపురనేని రామస్వామి చౌదరిగారి మార్గము మరియొక విధము. డబ్లినులో న్యాయశాస్త్రము చదివి వచ్చిన ఆయన, సాక్షిని ప్రశ్నించు వకీలువలె పురాణములను ప్రశ్నించిరి. తపస్సు చేసినందులకు శంబూకుని తల తీయుట ఏ న్యాయమని 'శంబూకవధ' నాటకమున అడిగిరి. పెండ్లి మంత్రములు వధూవరులకు అర్థము కావలెనని తెలుగున వివాహవిధిని రచించిరి. ఇచ్చట మొదటి ప్రశ్న దేవుడు కలడా అని కాదు, ఈ శాసనము న్యాయమా, ఈ మంత్రము ఎవరి భాష అని. మన కదిరి ప్రాంతపు వేమన కూడ విగ్రహములను, తీర్థయాత్రలను, కులగర్వమును ఎంత దులిపినను దేవుని లేడనలేదు. తనలో వెదకుమనెను. ఆయనను నాస్తికుడని వ్రాసిన పిల్లలకు మేము సున్న వేసితిమి. ఆ సున్న మాత్రము న్యాయమే.

స్వేచ్ఛాచింతనము లేని నాస్తికత్వము ఎట్లుండునో చూడవలెనన్న అల్బేనియా దేశచరిత్రను చదువవలెను. అచ్చటి ప్రభుత్వము 1967లో మసీదులను, చర్చిలను మూయించి, తమది నాస్తిక రాజ్యమని ప్రకటించెను. 1976 నాటి రాజ్యాంగమున ఆ నిషేధమును వ్రాతపూర్వకము చేసెను. ఇంటిలో రహస్యముగా ప్రార్థించినవారు శిక్షకు భయపడవలసి వచ్చెను. దాదాపు ఇరువదిమూడు సంవత్సరములకు, 1990లో ఆ నిషేధము తొలగినది. అధికారి చెప్పెనని దేవుని విడుచుటయు, పూజారి చెప్పెనని పట్టుకొనుటయు ఒకే తీరు పని.

ఆ 1976వ సంవత్సరమే మన రాజ్యాంగమునకు నలుబదిరెండవ సవరణ వచ్చినది. శాస్త్రీయ దృక్పథమును, మానవతను, పరిశీలనా స్వభావమును పెంపొందించుకొనుట పౌరుల విధియని 51ఎ అధికరణమున చేరినది. ఎమర్జెన్సీలో పత్రికల నోరు నొక్కియున్నపుడు ప్రశ్నించు స్వభావము విధిగా శాసింపబడుట చరిత్రలోని ఒక పరిహాసము. ఆ వాక్యము మాత్రము మంచిదే. దానికి ముందే 25వ అధికరణము ప్రతివానికి అంతరాత్మ స్వాతంత్ర్యమును ఇచ్చియున్నది. ప్రమాణస్వీకారము చేయు మంత్రి దేవుని పేరనైనను, దేవుని పేరెత్తక మనఃపూర్వకముగానైనను ప్రమాణము చేయవచ్చును. ఇంగ్లండున చార్లెస్ బ్రాడ్లా అను నాస్తికుడు 1880లో పార్లమెంటునకు ఎన్నికయై, ఈ ప్రమాణపు చిక్కువలననే 1886 వరకు తన స్థానమున స్థిరముగా కూర్చుండలేకపోయెను. మనకు ఆ హక్కు మొదటినుండియే కలదు.

ఈ రెండు మాటలను కలగలుపుట వలన మార్కులు మాత్రమే పోవునని తలపకుడు. మహారాష్ట్రమున నరేంద్ర దాభోల్కర్ గారు 1989లో అంధశ్రద్ధా నిర్మూలన సమితిని స్థాపించిరి. దేవుని, మతమును వ్యతిరేకించుట తమ పని కాదనియు, వాటి పేరున జరుగు మోసమునే వ్యతిరేకింతుమనియు ఆ సమితి పదే పదే చెప్పుకొనెను. అయినను వారిని దైవద్రోహులన్నవారు ఉండిరి. 2013 ఆగస్టు 20న పూనాలో ప్రాతఃకాలపు నడకలో ఉండగా ఆయనను కాల్చి చంపిరి. మన రాష్ట్రమున 2017లో అమానుష దురాచారములను నిషేధించు చట్టము చేయబడి 2020లో అమలునకు వచ్చినది. అది నిషేధించునది హానికరములైన కొన్ని చేష్టలను. ఇంటిలోని దీపము జోలికి, గుడిలోని గంట జోలికి అది పోదు.

ఇక ఆ తాతగారి సంగతి ముగింపవలసి యున్నది.

బాలుని తరగతికి పంపిన పిమ్మట ఆయన కూర్చుండిరి. మాటలలో పంటలు, వానలు వచ్చినవి. మన చిక్కబళ్లాపుర జిల్లా భూముల స్థితి తల్లిదండ్రులకు మేము చెప్పనక్కరలేదు. సంవత్సరమంతయు పారు నది లేదు. చెరువులు వానను నమ్ముకొన్నవి. బోరుబావి వెయ్యి అడుగులు దాటినను నీరు పడునను నమ్మకము లేదు. పడిన నీటిలో బాగేపల్లి వైపు ఫ్లోరైడు. ఒక బోరు తప్పినచో ఒక కుటుంబము అప్పులో మునుగును. బోరు ఎక్కడ వేయవలెనో చెప్పుటకు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని పొలములో నడచువారు కలరు. కాయ నిలువుగా లేచినచోట నీరున్నదని వారి మాట.

తాతగారు తన పొలమునకు అట్టివానిని పిలిచిరట. అతడు ఒకచోట గుర్తు పెట్టెను. "నేనేమి చేసినాను అయ్యవారూ, ఆ రాయి తీసి పారేసి, రెండు దినాలు పోనిచ్చి, కండ్లకు గుడ్డ కట్టుకోని మళ్లా నడువప్పా అన్నాను. వానికి కోపమొచ్చింది. ఒప్పుకోని నడిచినాడు. కాయ ముందు లేచిన తావు వేరే, ఇప్పుడు లేచిన తావు వేరే. సరే, కూలీ ఇచ్చి పంపించినాను." ఆ పిమ్మట తాలూకా కేంద్రమునకు పోయి, యంత్రముతో భూమిని పరీక్షించు భూగర్భశాస్త్రజ్ఞుని పిలుచుకొని వచ్చిరి.

ఇంతలో మేము ఉత్సాహము పట్టలేక, "తాతా, మీరు దీపము పెట్టు మనిషి, తిరునాళ్లకు పోవు మనిషి. కొబ్బరికాయను ఎట్లు శంకించితిరి?" అని అడిగితిమి.

ఆయన మా ప్రశ్నకు ఆశ్చర్యపడి, "స్వామికి కొట్టే టెంకాయ వేరే కదా అయ్యవారూ. ఇది నాలుగు లచ్చల టెంకాయ" అనిరి.

'పరీక్షకు నిలుచు' అను విశేషణమునకు ఇంతకు మించిన వ్యాఖ్యానము మేమెక్కడను చదువలేదు. ఒక విశ్వవిద్యాలయపు సంఘము తన పేరులో పెట్టుకొన్న మాటను అక్షరము రాని రైతు తన పొలములో ఆచరించెను. రెండు తరముల నడుమ మేము పొరబడితిమి. ఆ ఇంటిలో స్వేచ్ఛాచింతకుడు ఎవరని అడిగినచో నిత్యము దీపము పెట్టువానిని చూపవలెను, దీపము మానివేసినవానిని కాదు. మనుమడు రేపు ఆలోచించి నాస్తికుడగునేమో, ఆస్తికుడగునేమో, మాకు తెలియదు. అది వాని పని. తరగతిలో దేవుడు కలడనియు చెప్పము, లేడనియు చెప్పము.

మరుసటి వారము ఆ బాలుని పరీక్షకాగితము తిరిగి అడిగి తీసికొని, ఎఱ్ఱ గుర్తును కొట్టివేసి, ప్రక్కన 'ఈ తప్పు ఉపాధ్యాయునిది' అని వ్రాసి సంతకము చేసితిమి. మార్కులు తీయలేదు. "సార్, మరి మీరు నమ్ముతారా?" అని వాడు అడిగెను. "అడుగుట బాగున్నది. నా జవాబు తెలిసిన పిమ్మట నీవు దానినే పట్టుకొందువు గనుక ఇప్పుడు చెప్పను. పదవ తరగతి దాటినాక వచ్చి అడుగుము" అంటిమి.

బోరు ఏమాయెనని పాఠకులు అడుగుదురు. మేమును తాతగారిని అడిగితిమి. యంత్రము చూపిన చోట తొమ్మిదివందల అడుగులు తవ్వినను నీరు పడలేదట. "అయితే టెంకాయ వానికే బోరు వేయించింటే బాగుండు అనిపించలేదా?" అంటిమి. "వాడు చూపించిన రెండు తావుల్లో ఏ తావున ఏసేది?" అని ఆయన నవ్విరి. "ఈ ఆయప్ప మళ్లా వచ్చినాడు అయ్యవారూ. పైకొచ్చిన రాయిపొడి అంతా చూసినాడు. నా లెక్క ఇక్కడ తప్పింది, రాయి పగులు ఆ పక్కకు పోయింది అని చెప్పినాడు. తప్పిందని ఒప్పుకున్నాడు." తలగుడ్డ మరల చుట్టుకొని, దీపము వేళకు ఇల్లు చేరవలెనని ఆయన బస్సునకు లేచిరి.